భారమును బరువును

ధ్యానభాగము: గలతీయులకు 6వ అధ్యాయము, 1 నుండి 5 వచనములు



పౌలు గలతీ సంఘములకు వ్రాసిన పత్రికలో, ఈ ఆరవ అధ్యాయము రెండవ వచనమున, ఒకరి భారములు మరియొకరు మోయవలెనని చెప్పుచున్నాడు. మూడు వచనములు దాటునంతలోనే, అయిదవ వచనమున, ఎవరి బరువు వారే మోసికొనవలెనని చెప్పుచున్నాడు. వేదపాఠశాలలో చదువుకొను దినములలో మేమీ చోట ఆగి, అపొస్తలుడు పైన చెప్పినది క్రిందికి వచ్చునప్పటికి మరచెనా యని ఉపాధ్యాయుని అడిగితిమి. ఆయన నవ్వి, గ్రీకు భాషలో ఇవి రెండును ఒకే మాట కావనెను. మొదటిది 'బారోస్', అనగా మనిషిని క్రుంగదీయు భారము. రెండవది 'ఫోర్తియోన్', అనగా ప్రయాణికుడు తన వీపున కట్టుకొను మూట, ఓడ మోయు సరకు. మన తెలుగు బైబిలును తర్జుమా చేసిన పెద్దలు సహా ఒకచోట భారమనియు, ఒకచోట బరువనియు వ్రాసి ఆ భేదమును నిలిపిరి. మేము దీనిని నోటు పుస్తకములో వ్రాసికొని, పరీక్షలో వ్రాసి, మంచి మార్కులే తెచ్చుకొంటిమి. దాని అర్థమును మాత్రము చాల ఏండ్లకు, 2019వ సంవత్సరము జనవరిలో, ఎర్రమల కొండలమీద, మా యిల్లాలి మడమనుండి రక్తము కారుచుండగా నేర్చుకొంటిమి.

ఆ సంగతిని ఈ పత్రికలో వ్రాయుటకు ఇన్నాళ్లు వెనుదీసితిమి. అమ్మగారు వ్రాయవచ్చునని సెలవిచ్చినందున ఇప్పుడు వ్రాయుచున్నాము. (సంఘమంతయు ఆమెను అమ్మగారనియే పిలుచును గనుక మేమును ఇక్కడ అట్లే వ్రాయుదుము.)

అనంతపురపు కరవును గూర్చి మీకు మేము చెప్పనక్కరలేదు. నైరుతి మేఘములు పడమటి కనుమల ఆవలనే తమ నీటిని దింపుకొని మనయొద్దకు ఒట్టి గాలియై వచ్చును. ఈశాన్యపు వానలు కోస్తాలో కురిసి, మిగిలిన నాలుగు చినుకులు మనకు తెచ్చును. సగటున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మన వంతు. అదియు వేరుసెనగ ఊడలు దిగు వేళకు కాక, కాయ పెరుకు వేళకు పడిన సంవత్సరములు మీరెన్ని చూడలేదు! 2018లో ఆ వంతు కూడ దక్కలేదు. సంక్రాంతినాటికి మా చెరువులో పశువుల గిట్టల గుర్తులు ఎండి గట్టిపడి యుండెను.

అట్టి ఏడు గొర్రెలవారు ఇంటిపట్టున ఉండరు. మందను తోలుకొని తూర్పునకు, ఎర్రమలలు దాటి, కుందూ నది లోయలోని నల్లరేగడి పొలములకును, అచ్చటనుండి నల్లమల కొండల అడుగునకును పోవుదురు. కోత ముగిసిన చేలలో రాత్రి మందను నిలిపినందుకు రైతు డబ్బో గింజలో ఇచ్చును. ఎరువు రైతునకు, మేత మందకు, సంగటి కాపరికి. మా సంఘములో అట్టి కాపరి దంపతులు ఒకరున్నారు. వారి పేర్లు వ్రాయము. మా ఊరివారికి తెలియును, ఇతరులకు అక్కరలేదు.

సంక్రాంతి వెళ్లిన తరువాతి ఆదివారమున మేము యోహాను సువార్త పదియవ అధ్యాయముమీద ప్రసంగించితిమి. మంచి కాపరిని గూర్చి ముప్పావు గంట చెప్పితిమి. ఆరాధన ముగిసి గుమ్మమునొద్ద నిలుచుండగా ఆ కాపరి భార్య వచ్చి, "అయ్యగారూ, ఏడాదికి నాలుగుసార్లన్నా కాపరి గురించి చెప్తాండారు. మీరెప్పుడన్నా మంద ఎంట నడిసినారా?" అని అడిగెను. ఎగతాళికి కాదు, తెలిసికొనుటకే అడిగెను. చుట్టునున్నవారు నవ్విరి. మాకు రోషము పుట్టి, "ఈ తూరి మీతో నడుస్తాము" అంటిమి. అమ్మగారిని అడుగకయే అంటిమి. ఇంటికి వచ్చి చెప్పగా ఆమె కొంతసేపు ఊరకుండి, "సరేలెండి, నేనూ వస్తాను. మీరొక్కరే పోతే మూడో రోజుకే జ్వరం తెచ్చుకుంటారు" అనెను. వచ్చు ఆదివారపు ఆరాధనను సంఘపెద్ద కప్పగించి, మంగళవారము తెల్లవారుజామున బయలుదేరితిమి.

మా గ్రామము తాడిపత్రికి నైరుతి దిక్కున ఉన్నది. అచ్చటనుండి పెన్న దాటి, కొలిమిగుండ్ల మీదుగా ఎర్రమలలెక్కి, కోవెలకుంట్ల ప్రక్కకు దిగి, కుందూ దాటి ఆళ్లగడ్డ వైపునకు పోవుట వారి దారి. నూరు కిలోమీటర్లకు పైమాటే. గొర్రెలు మేయుచు నడచును గనుక దినమునకు పది పన్నెండు కిలోమీటర్లకు మించి సాగదు. మనిషికి అది పెద్ద నడక కాదని మీరనుకొందురు. మేమును అట్లే అనుకొంటిమి. వీపున మూటతో, పగలంతయు ఎండలో, రాత్రి రాతినేలపై పండుకొని, మరునాడు మరల లేచి నడచిచూచినవారు అట్లనరు.

కాపరి దంపతుల సామాను చూచుటకు వింతగా నుండెను. ఆయనకు ఒక గొంగడి, కొమ్మలు దించు దోటి, మంద చుట్టు కట్టు వల. ఆమెకు సద్ది మూట, చిన్న తపేలా, ముల్లు తీయు సూది, రాగిపిండి సంచి. నీళ్ల డబ్బా వంతులవారీగా మోయుదురు. దారిలో ఈనిన పిల్లలను వేసికొనుటకు ఒక ఖాళీ జోలె. అంతే. మా సామాను చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. మా సంచిలో బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము, దారిలో చదువవచ్చునని రెండు లావుపాటి వ్యాఖ్యాన గ్రంథములు, కొయ్యపెట్టెలో ప్రభురాత్రి భోజనపు పాత్రలు, తెల్లని అంగీ, పాలిష్ చేసిన నల్ల బూట్లు. ఎర్రమలలపై ఎవరికి చూపుటకు ఆ బూట్లు తెచ్చితిమో నేటికిని తెలియదు. అమ్మగారి సంచిలో బియ్యము, పప్పు, నూనె సీసా, దుప్పట్లు, మందులు, మేము ప్రొద్దున వేడినీళ్లు త్రాగుదుము గనుక ఒక ఫ్లాస్కు.

మొదటి దినము సాయంకాలమునకే మా భుజములు కోసికొనిపోయెను. అప్పుడొక వ్యాఖ్యాన గ్రంథమును, "కాసేపు పెట్టుకో" అని అమ్మగారి సంచిలో వేసితిమి. పెన్న ఇసుకలో నడచునప్పుడు రెండవది వేసితిమి. ఆ కాసేపు ఎప్పుడును ముగియలేదు. కొలిమిగుండ్లలో ఉప్పు కొనుటకు ఒక కిరాణా అంగడిలో ఆగగా, కాపరి భార్య మా సంచులు రెండును చేతులతో ఎత్తిచూచి, ఏమియు ననక, వాటిని అంగడివాని కాటాపై పెట్టించెను. మాది పదకొండు కిలోలు. అమ్మగారిది పదునాలుగు. ఆమె మాకంటె జానెడు పొట్టి. అంగడివాడు ముద్రయొకవైపు చూచి మా ముఖమొకవైపు చూచెను.

మత్తయి సువార్త ఇరువదిమూడవ అధ్యాయములో ప్రభువు పరిసయ్యులను గూర్చి, మోయ శక్యముకాని బరువులు కట్టి ఇతరుల భుజములపై పెట్టువారని చెప్పినది అప్పుడు మాకు గుర్తు వచ్చెను. అక్కడను పౌలు వాడిన ఆ 'ఫోర్తియోన్' మాటయే యున్నది. ఆ వచనముమీద కూడ మేము పలుమార్లు ప్రసంగించియున్నాము.

ఇటీవల మా ఊరి పిల్లవాడొకడు, బెంగుళూరులో పని చేయువాడు, అమెరికా దేశములో అపలేషియన్ కొండలగుండా పోవు కాలిబాటను గూర్చి మాకు చెప్పెను. దాని పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. జార్జియా నుండి మెయిన్ రాష్ట్రము వరకు, వీపున గుడారము, వంటసామాను కట్టుకొని అయిదారు నెలలు నడచువారున్నారట. వారిలో భార్యాభర్తలును ఉందురట. ఎవరును తరుమకుండ, కరవు లేకుండ, వట్టిగా నడచుటకే నడతురు. మన గొర్రెలవారు వింటే నవ్వుదురేమో. అయితే వారి జాగ్రత్త మనము నేర్చుకొనదగినది. బయలుదేరకముందే మూటను తూచెదరు. మనిషి బరువులో అయిదవ వంతుకు మించకూడదని పెద్దలైన నడకరులు చెప్పుదురు. కొందరు బరువు తగ్గవలెనని పండ్లు తోముకొను బ్రష్షు పిడిని సగము కోసి పారవేయుదురట. మేము నల్ల బూట్లు తీసికొనిపోయిన సంగతి ఆ పిల్లవానికి చెప్పలేదు.

కొలిమిగుండ్లలో బూట్లును, అంగీని, వ్యాఖ్యాన గ్రంథములను తెలిసినవారింట ఉంచి, సంచులను మరల సర్దుకొంటిమి. అప్పుడు మందుల పొట్లము మా సంచిలోనికి వచ్చెను. ఇది గుర్తుంచుకొనుడి.

ఇక కొండలు. ఎర్రమలలు నల్లమలలంత ఎత్తైనవి కావు. తలలు నరికినట్లు పైన బల్లపరుపుగా నుండును. దూరమునుండి చూచిన సులువుగా కనబడును. ఎక్కిన తరువాత నీడ లేదు, నీరు లేదు. ఆ ప్రాంతమంతయు నాపరాయి, సున్నపురాయి. పడిన వాన రాతి నెరియలగుండా లోపలికి దిగిపోవును. ఆ దారికి దగ్గరనే యున్న బెలుము గుహలను అట్లు దిగిన నీరే తొలిచినది. మూడు కిలోమీటర్లకు మించిన పొడవు గల ఆ గుహలలో నేటికిని నీటి ఊట యున్నది. పైన నడచువాడు మాత్రము నోరెండి నడచును. నాలుగవ దినమున మేము అట్లు నడచితిమి. డబ్బాలో నీరు మధ్యాహ్నమునకే అయిపోయెను. తరువాతి కుంట ఎండియుండెను. ఆ మరుసటిది రెండు గంటల దారి. రాయి పగలు త్రాగిన ఎండను సాయంకాలము అరికాళ్లలోనికి తిరిగి ఇచ్చుచుండెను.

కాపరి ఎప్పుడును మందకు ముందు నడచును. అతని భార్య ఎప్పుడును వెనుక నడచును. ఎందుకని అడిగితిమి. ఆమె చెప్పిన మాట ఏ వ్యాఖ్యాన గ్రంథములోను మాకు దొరకలేదు. "గొర్రె నొప్పిని దాస్తాది అయ్యగారూ. కుంటితే తోడేలు పట్టుకుంటాదని దానికి భయం. ముందు నడిసేటోనికి అన్నీ బాగుండేటట్లే అగపడతాయి. యాది అడుగు తప్పుతాందో ఎనక నడిసేదానికే తెలుస్తాది." మంచి కాపరి గొర్రెలకు ముందుగా నడచునని మేము ఇరువది ఏండ్లుగా చెప్పుచున్నాము. వెనుక నడచువారు ఒకరు కావలెనని ఎన్నడును తలంచలేదు.

ఆ సాయంకాలమున ఆమె హఠాత్తుగా ముందుకు వచ్చి, "అమ్మగారూ, ఆగండి, కూచోండి" అనెను. అమ్మగారు ఏమియు లేదనెను. కాపరి భార్య వినక, ఆమెను బండపై కూర్చుండబెట్టి చెప్పు విప్పెను. మడమ తోలు రూపాయి బిళ్ల అంత ఊడి, లోపల పచ్చి మాంసము కనబడెను. చెప్పు లోపల రక్తము ఎండి నల్లబడి యుండెను. అది ఒక్కనాటిది కాదు. మేము పదుగురు వినునట్లు కేకలు వేసితిమి. "ఎందుకు చెప్పలేదు? నోరు లేదా?" అంటిమి. పదుగురు అక్కడ లేరు, ముగ్గురే యుండిరి. కాని మా కేకకు గొర్రెలు సహా తలలెత్తెను. అమ్మగారు మారు పలుకలేదు.

రాత్రి కుంట దగ్గర మంద నిలిపితిమి. కాపరి దంపతులు వల కట్టి, వంతు ప్రకారము ఒకరు మేలుకొని ఒకరు పండుకొనిరి. మాకు నిద్ర పట్టి యుండెను. అమ్మగారు మందు కొరకు మా సంచి విప్పెను. మందుల పొట్లము క్రింద, బైబిలు అట్టలో, ఒక ఉత్తరము దొరికెను. సెల్ ఫోను వెలుతురులో చదివెను. ఆ ఉత్తరము మాకు డబ్బిచ్చిన ఆసామి వ్రాసినది.

సంగతి ఇది. అంతకు ఏడు నెలల క్రిందట, మా కుమార్తె నర్సింగు చదువు కొరకు రెండు లక్షల రూపాయలు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీతో తీసికొంటిమి. కరవు సంవత్సరములో కానుకలు ఎట్లుండునో మీకు తెలియును. మూడు నెలలు వడ్డీ కట్టి, తరువాత కట్టలేకపోతిమి. అమ్మగారితో మాత్రము, సంఘములో ఒక పెద్దమనిషి సహాయము చేసెనని చెప్పియుంటిమి. అబద్ధమే చెప్పితిమి. ఆమెకు చింత ఎందుకని చెప్పలేదని మాకు మేము సమాధానము చెప్పుకొంటిమి. నిజము అది కాదు. ఆమె కన్నులలో మా గౌరవము తగ్గునని చెప్పలేదు.

ఆమె మమ్మును లేపి, ఉత్తరము చేతికిచ్చి, నెమ్మదిగా అనెను: "మీరు దాచినది ఏడు నెలలు. నేను దాచినది మూడు రోజులు. మీరు నా మీద అరిచినారు."

సహోదరులారా, ఇక్కడ మేము ఒక సంగతి చెప్పక దాటలేము. మన జిల్లాకు గత ముప్పది ఏండ్లలో, అప్పులపాలై ప్రాణము తీసికొన్న రైతుల జిల్లా యను పేరు వచ్చినది. అట్టివారిలో ఇద్దరిని మా చేతులతోనే సమాధి చేసితిమి. రెండు ఇండ్లలోను భార్య ఒకే మాట అనెను: "నాకు తెలియదు అయ్యగారూ. ఒక్క మాట చెప్పలేదు." అప్పు ఎంతో, ఎవరికో, సమాధికి వచ్చిన వారిలో అప్పులవారు చెప్పగా ఆమె వినెను. ఆ రెండవ సమాధి దగ్గర మేము నిలుచుండి, భర్తలారా, మీ భార్యలయొద్ద దాచకుడి అని కన్నీళ్లతో చెప్పితిమి. అది 2018 ఆగస్టు. అప్పటికి మా కోటు జేబులో మా ప్రామిసరీ నోటు నకలు రెండు నెలలుగా ఉండెను.

అమ్మగారు ఆ రాత్రి ఈ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోయినను ఆ ఇద్దరు స్త్రీల ముఖములు మా ఎదుట నిలిచెను. అప్పుడు మొదటిసారి మాకు భయము కలిగెను. ఆ మనుష్యులు దుష్టులు కారు, విశ్వాసము లేనివారును కారు. అట్లు చచ్చినవారు దేవుని కృపకు వెలియైపోయిరని ఎవరైన చెప్పినయెడల మేము ఒప్పుకొనము. వారు కొండ ఎక్కుచు, ఎవరికిని చెప్పకుండ, ఒక్కరే భారము మోసిన మనుష్యులు. మేము వారి త్రోవలోనే నడచుచుంటిమి, వారికంటె నాలుగడుగులు వెనుక.

మరునాడు అమ్మగారు మాతో మాటలాడలేదు. నడవలేదు కూడ. కాపరి తన జోలెలోని రెండు గొర్రెపిల్లలను మాకిచ్చి, అమ్మగారి సంచిని తాను తీసికొని, ఆమెకు దోటి కఱ్ఱ ఊతగా ఇచ్చెను. మధ్యాహ్నమున ఒక రేగుచెట్టు క్రింద ఆమె మొదటి మాట అనెను. కోపపు మాట కాదు, లెక్క అడిగెను. అసలు ఎంత, వడ్డీ ఎంత అయినది, కాగితముమీద సాక్షులు ఎవరు, ఇంకెవరికైన తెలియునా అని. మేము ఒక్కొక్కటిగా చెప్పితిమి. అప్పటికి నాలుగు నెలల వడ్డీ, పదునారు వేలు నిలిచియుండెను. ఆమె వ్రేళ్లమీద లెక్క కట్టి, "పాలిచ్చే బర్రెను అమ్మము. దాని దూడను అమ్ముదాం. నేను టైలరింగు మళ్లీ మొదలుపెడతా. ఆసామి దగ్గరికి ఇద్దరం పోదాం" అనెను. తరువాత కొంచెము ఆగి, "సంఘ కమిటీకి కూడా చెప్పాలి" అనెను. అది మాత్రము వద్దంటిమి. ఆమె మా ముఖము చూచెను. సరే నంటిమి.

ఇప్పుడు పౌలు మాటకు తిరిగి వత్తము. రేగుచెట్టు క్రింద మాకు తెలిసినది, మేము రెండింటిని తారుమారు చేసితిమని. పుస్తకములు మా బరువు, మా 'ఫోర్తియోన్'. కోపమును అణచుకొనుట మా బరువు. చెప్పిన అబద్ధమును ఒప్పుకొనుట మా బరువు. దానిని అమ్మగారు మోయలేదు, కమిటీ మోయలేదు, బిషపుగారును మోయలేరు. వాటిని తీసి ఆమె వీపున వేసితిమి. కరవు, అప్పు, పిల్ల చదువు, రేపటి భయము, ఇవి భారములు. ఒక్క మనిషి మోయుటకు దేవుడు వాటిని ఇయ్యలేదు. వాటిని మాత్రము ఎవరికిని అందనీయక గట్టిగా పట్టుకొంటిమి. మన ఇండ్లలో ఇట్లే జరుగుచున్నదని మేమనుకొనుచున్నాము. త్రాగివచ్చి భార్యను కొట్టువాడు తన బరువును ఆమెపై వేయుచున్నాడు. వాడే అప్పు సంగతి వచ్చినప్పుడు, ఆడవారికెందుకని భారమును దాచుచున్నాడు. స్త్రీలు మరియొక విధముగా దాచుదురు. ఒంటిలో నొప్పిని దాచుదురు, రక్తస్రావమును దాచుదురు, రొమ్ములో గడ్డను దాచుదురు. ఇంటిలో పని ఆగునని, ఖర్చగునని. అమ్మగారి మడమ కూడ అటువంటిదే. ఆమె దాచినది మూడు దినములే కావచ్చును. కాని ఎవరివలన దాచెనో మాకు తెలియును.

ప్రభువు తన బరువు తేలికైనదని మత్తయి సువార్త పదునొకండవ అధ్యాయములో చెప్పినప్పుడు వాడిన మాటయు ఈ 'ఫోర్తియోనే'. తన మూటను మోయనక్కరలేదని ఆయన చెప్పలేదు. మన మూటలో ఆయన పెట్టనివి ఎన్ని యున్నవో కాటాపై పెట్టి చూచుకొనుట మన పని.

మన ఆంధ్రదేశపు సంఘచరిత్ర తెలిసినవారు ఒంగోలులోని ప్రార్థన కొండను గూర్చి వినియుందురు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్ దొరగారును, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఆ కొండ ఎక్కిరి. ఆ దినములలో, ఫలము కనబడని ఈ తెలుగు మిషనును మూసివేయవలెనను తలంపు అమెరికాలోని వారికి పలుమారు వచ్చుచుండెను. కొండపై ఆ అయిదుగురు ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. తరువాత పన్నెండేండ్లకు క్లౌ దొరగారు ఒంగోలు వచ్చుటయు, 1878 జూలైలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందుటయు మనము తరచుగా చెప్పుకొందుము. మాకు ఆ సంఖ్యకంటె, ఒకరి తరువాత ఒకరు అనునదే ఇప్పుడు ముఖ్యముగా తోచుచున్నది. భార్య ప్రార్థన భర్త వినెను, దొరగారి ప్రార్థన తెలుగు స్త్రీలు వినిరి. ఎవరి భారమును లోపల దాగియుండలేదు. మేమును అమ్మగారును ఇరువది ఏండ్లు ప్రతి రాత్రి కలిసి ప్రార్థించితిమి. కాని ఆ ఏడు నెలలు మేము పెదవులతో సంఘమును గూర్చి ప్రార్థించి, అప్పును గూర్చి మౌనముగా ప్రార్థించితిమి. దేవుడు వినునని తెలియును. ఆమె వినునని భయము.

మిగిలిన దారిని త్వరగా చెప్పెదము. అప్పటికి కర్నూలు జిల్లాలోనిదై, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన కోవెలకుంట్ల ప్రాంతమునకు దిగినప్పుడు, నల్లరేగడిపై సెనగ చేలు పచ్చగా కనబడగా గొర్రెలు పరుగెత్తెను. వాటిని ఆపుటకు నలుగురమును పడిన పాట్లు ఒక ప్రసంగమంత యుండును. అమ్మగారు కుంటుచునే కఱ్ఱ ఊపి కేకలు వేసెను. అంతకు ముందెన్నడును ఆమె గొంతు అంత పెద్దదని మేమెరుగము. ఆదివారము ఉదయము ఒక కోసిన జొన్నచేలో, కొయ్యపెట్టె తెరచి, నలుగురమును ప్రభురాత్రి భోజనములో పాలుపొందితిమి. అంగీ లేదు, బూట్లు లేవు. రొట్టె పట్టుకొనకముందు, కాపరి దంపతుల ఎదుట, అమ్మగారిని క్షమాపణ అడిగితిమి. కాపరి తల వంచుకొనెను. అతని భార్య మాత్రము, "మా ఆయన లెక్క చెప్పకపోతే నేను మంద ఎంట రాను అయ్యగారూ. యాడాది కిందట ఇట్లే దాసినాడు" అనెను. అతడు ఇంకను తల వంచుకొనెను. తొమ్మిదవ దినమున కుందూ దాటి, నల్లమలలు నీలముగా కనబడుచుండగా వారిని విడిచి, ఆళ్లగడ్డలో బస్సెక్కితిమి. మేము తొమ్మిది దినములు నడచిన దారి బస్సులో ఒక పూట.

కమిటీకి చెప్పిన దినము మా జీవితములో కఠినమైన దినములలో ఒకటి. ఇద్దరు పెద్దలు, గురువు అప్పు చేయవచ్చునా అని కోపించిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. ఒకాయన మరునాడు రెండు బస్తాల జొన్నలు పంపెను. ఆసామి వడ్డీని తగ్గించలేదు గాని గడువు ఇచ్చెను. 2021 డిసెంబరులో అప్పు తీరెను. కుమార్తె ఇప్పుడు ఆసుపత్రిలో పని చేయుచున్నది. అమ్మగారి కుట్టుమిషను చప్పుడు మేమీ మాటలు వ్రాయుచుండగా ప్రక్కగదిలో వినబడుచున్నది.

కమిటీ కూడిన వారమునకే, రాత్రి పది గంటలు దాటిన తరువాత, ఒక రైతు మా తలుపు తట్టెను. మేము అప్పు సంగతి ఒప్పుకొంటిమని ఎవరో చెప్పగా వినెనట. అరుగుమీద కూర్చుండి చాలసేపు వానను గూర్చి మాటలాడెను. తరువాత తన చొక్కా లోపలినుండి మడిచిన కాగితములు తీసెను. నీ ఇంటిలో తెలియునా అని అడిగితిమి. తెలియదనెను. ఆ రాత్రి అతనిని ఒంటరిగా పంపుట మాకిష్టము లేకపోయెను. అమ్మగారు టార్చిలైటు తెచ్చెను. అతడు ముందు నడిచెను, మేము ప్రక్కన నడిచితిమి, ఆమె వెనుక నడిచెను. ఇల్లు చేరునప్పటికి అతని భార్య మేలుకొనియే యుండెను. అతడు కాగితములు మంచముమీద పెట్టి, ఆమె ప్రక్కన కూర్చుండెను.